తువ్వాల కింద చెయ్యి

ఆ ఎండాకాలం మా ఇంట్లో అందరికీ ఒకటే పని, నేనేమవుతానో తేల్చడం. ఆ ఒక్క పని తప్ప లోకంలో ఉన్న పనులన్నీ నాకు నచ్చేవి.

అరవై రెండో సంవత్సరం అది. పట్నంలో పీ.యూ.సీ. పరీక్షలు రాసి వికారాబాదులో రైలు దిగాను. దిగేటప్పుడు ఇంజను డ్రైవరును కావాలనుంది. స్టేషను బయట నల్లకోటు చేతిమీద వేసుకుని జట్కా ఎక్కుతున్న వకీలును చూశాక, వకీలునైతే బాగుండుననిపించింది. ఇంటికి చేరేసరికి పక్కింటి ముసలమ్మకు సూది వేయడానికి డాక్టరు వచ్చి ఉన్నాడు. ఇక డాక్టరే అనుకున్నాను. నవ్వకండి. ఏదీ ఇష్టం లేనివాడి బాధ వేరు, అన్నీ ఇష్టమైనవాడి బాధ వేరు. పట్నంలో నాతో చదివినవాళ్ళంతా తల్లి కడుపులోనే ఇంజనీర్లు అయిపోయినట్టు మాట్లాడేవాళ్ళు. వాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండేది.

మా నాయన అనంతయ్యకు ఈ బాధ బొత్తిగా అర్థమయ్యేది కాదు. నిజాం కాలంలో ఉర్దూ చదివి సర్కారు కచేరీలో నౌకరీకి కుదురుకున్న మనిషి ఆయన. ఆ రాజ్యం పోయి, ఆ ఉర్దూ అక్కరకు రాకుండా పోయాక, వచ్చి కందిచేలు చూసుకుంటున్నాడు. పొద్దున నేను వేపపుల్ల నోట్లో పెట్టుకునే వేళకు ఎదురుగా వచ్చి నిలబడేవాడు.

"ఏం తేల్చినవ్?"

"ఆలోచన చేస్తున్న నాయినా."

"నువ్వు ఆలోచన చేసుకుంట కూసుంటె కాలేజోళ్లు నీ కోసం తలుపు తెరిచి పెడ్తరా? మిరుగు దాక చూస్త. మిరుగు దాటితే నేనే చెప్త. నాగలి పట్టుమంట."

మిరుగంటే మృగశిర కార్తె. రోహిణి ఎండలు విరిగి తొలకరి పడే రోజు. మా వైపు ఆ రోజు చేపలు తింటారు. నాకు మాత్రం ఆ ఏడు మిరుగు తలచుకుంటే కడుపులో చేపలు ఈదినట్టుండేది.

ఇట్లా నాయన నన్ను నిలదీస్తున్న ఒక పొద్దున్నే మా మేనమామ పాండురంగం తాండూరు నుంచి దిగాడు. మా అమ్మ గోవిందమ్మకు ఒక్కడే తమ్ముడు. భార్య పోయింది, పిల్లలు లేరు. పిల్లలంటే నేనే. తాండూరులో ఆయనది బండల దలాలీ, అంటే గనివాళ్ళకూ కొనేవాళ్ళకూ మధ్య కూర్చుని బేరం కుదర్చడం. తెల్లటి ధోవతి, భుజం మీద ఎర్రంచు తువ్వాల, నోట్లో పాన్. ఆయన గడపలో అడుగుపెడితే మా ఇంట్లో గోడలు కూడా నవ్వుతాయనిపించేది.

నాయన మాట విని మామ చెప్పులు విడవకుండానే అందుకున్నాడు.

"బావా, జర ఆగు. పోరడు ఏ పనిని కండ్లతోని చూసిండని తేలుస్తడు? ఈ ఎండాకాలం నాకు ఇడిసిపెట్టు. నాల్గు పనుల కాడికి తిప్పి చూపెడ్త. వానికే తెలుస్తది."

"తిప్పు, తిప్పు. నువ్వూ తిరుగు," అని నాయన తువ్వాల దులుపుకుని చేను వైపు పోయాడు.

మామ నా పక్కన అరుగు మీద కూర్చున్నాడు. "ఫికర్ చెయ్యకు అల్లుడా. బండను ఒక్కపారి కోస్తిమనుకో, ఆ కొలతకు కుదిరే ఇంటికే పోతది. కోయని బండ యే ఇంటికైన పోతది. నువ్వింకా కోయని బండవు. గదే నీ బలం."

నా గురించి అంత మంచిమాట అప్పటిదాకా ఎవరూ అనలేదు. కళ్ళలో నీళ్ళొచ్చినంత పనైంది.

అప్పుడు మామ ఎప్పటిలాగే భుజం మీది తువ్వాల తీసి మా ఇద్దరి చేతుల మీద పరిచాడు. ఇది నా చిన్నప్పటి నుంచి మా ఇద్దరి ఆట. బండల బజారులో ధర నోటితో చెప్పరు. చుట్టూ పదిమంది ఉంటారు, ఒకరి ధర ఇంకొకరికి తెలియకూడదు. అందుకని అమ్మేవాడి చెయ్యీ దలాలి చెయ్యీ తువ్వాల కింద కలుస్తాయి. ఏ వేలు పట్టుకుంటే ఎంత, గుప్పిట పట్టుకుంటే ఎంత అన్నది వాళ్ళకు తెలుసు. బొటనవేళ్ళు రెండూ గట్టిగా నొక్కుకుంటే బేరం ఖాయం. వద్దనుకుంటే నోటితో వద్దనకూడదు, చెయ్యి వెనక్కి తీసుకోవడమే. తీసుకున్న చెయ్యిని ఎందుకని అడగడం ఉండదు. అది దలాలీ మర్యాద అని మామ గొప్పగా చెప్పేవాడు. చిన్నప్పుడు ఆ తువ్వాల కింద నేను మామిడిపళ్ళకు, గాలిపటాలకు, జాతరకు తీసుకుపోవడానికి బేరం చేసి ఎప్పుడూ గెలిచేవాణ్ణి. ఆ పొద్దున ఆయన బొటనవేలు నొక్కి, "ఖాయం. మిరుగు లోపల నీ పని తేలుస్త," అన్నాడు.

తేల్చాడు కూడా.

మొదట దవాఖాన. గుట్టకు పోయే బాటలో ఉండేది. అక్కడ కాంపౌండరు ఏసుదాసు మామకు దోస్తు, సన్నగా, పొడుగ్గా, గుండీలన్నీ పెట్టుకుని ఉండే మనిషి. మామ వేపచెట్టు కింద బీడీ ముట్టించి, "నువ్వు పోయి చూసిరా," అన్నాడు. ఏసుదాసు వెనకాల నడుస్తుంటే ఒక గది తలుపు తీసి ఉంది. లోపల కిటికీ అద్దానికి ఒక నల్లటి ఫిల్ము ఆనించి ఉంది. దాని మీద మనిషి పక్కటెముకలు తెల్లగా, వరసగా కనిపించాయి. నేను ఆగిపోయాను.

"గిది ఎవరిది?"

"కోట్‌పల్లి కాడి రైతుది. గీడ చూడు, మబ్బు లెక్క ఉన్నది గదా. అదే క్షయ రోగం." ఏసుదాసు వేలితో చూపించాడు. "మందు పడితే నెల నెలకు గా మబ్బు ఇడిపోతది. మల్ల ఫిల్ము తీస్తే తెలుస్తది."

మనిషి లోపలి మబ్బు విడిపోవడం కిటికీ దగ్గర నిలబడి చూడవచ్చునంటే నాకు నమ్మబుద్ధి కాలేదు. ఇంకో ఫిల్ము చూపించమని అడిగాను. ఆయన చూపించబోయి, ఎందుకో బయట చెట్టు వైపు చూసి ఆగాడు. "పా, నువ్వు చూడాల్సింది గిది కాదు," అన్నాడు.

నన్ను చివరి గదికి తీసుకుపోయాడు. అక్కడ ఒకతను మంచం మీద కూర్చుని దగ్గుతున్నాడు. భార్య వెనకనుంచి పట్టుకుని ఉంది. "జర గిన్నె పట్టుకో," అని ఏసుదాసు ఒక గిన్నె నా చేతికిచ్చాడు. అతను దగ్గాడు. గిన్నెలో ఎర్రగా పడింది, కొంచెం నా వేళ్ళ మీద. ఆ భార్య నా ముఖంలోకి చూసింది, నేనేదో చేస్తాననుకున్నట్టు. నేను గిన్నె కింద పెట్టి పరుగెత్తాను. చెట్టు దగ్గర కక్కుకున్నాను.

మామ తన తువ్వాలతో నా మూతి తుడిచాడు. "పోనీ తీ. నీ మనసు మెత్తనిది. ఈ పని గుండె బండైనోళ్లకు." దారి పొడుగునా నా వీపు నిమురుతూనే ఉన్నాడు. నాకంత సిగ్గులోనూ, ఇంత మంచి మామ ఎవరికుంటాడని అనిపించింది.

తర్వాత కొడంగల్‌లో ఒక వకీలు. ఆయన వసారాలో మేము కూర్చున్నంతసేపూ ఒక్క కక్షిదారు రాలేదు. "బాబూ, ఈ నల్లకోటు తొడిగినకాంచి నాకు నిద్ర లేదు, నమ్ము," అని ఆయన నా చెయ్యి పట్టుకుని మరీ చెప్పాడు. రైల్వే సంగతి అడిగితే మామే తేల్చేశాడు. "రైలు నౌకరికి ఊరుండదు, ఇల్లుండదు. మా అక్క ఏడ్సుకుంట కూసుంటది." ఒక్కొక్క తలుపూ మూసుకుంటుంటే నాకు భయం వేయాలి కదా, వేయలేదు. పక్కన మామ ఉన్నాడు.

చివరికి తాండూరు. "ఇగ నా పని కూడ చూడు," అన్నాడు మామ. పాసింజరు బండిలో ధారూరు, రుక్మాపూరు దాటి, బొగ్గు నుసి కళ్ళలో పడుతుంటే దిగాను. ప్లాట్‌ఫారం పక్కన వ్యాగన్లలోకి నీలం బండలు ఎక్కిస్తున్నారు. బండ మీద బండ పెడుతుంటే వచ్చే ఆ చప్పుడు నాకు ఇప్పటికీ చెవిలో ఉంది.

గని కిష్టప్పది. మామ పాత దోస్తు. బషీరాబాదు వైపు మనిషి, మాటల్లో కన్నడం దొర్లేది. పెద్ద మీసం, చిన్న కళ్ళు. నన్ను చూడగానే "బా అప్పా, బా," అని పిలిచి, పలకరింపు కూడా లేకుండా "చేతులు చూపెట్టు," అన్నాడు. చూపించాను. తిప్పి తిప్పి చూశాడు.

"మీ ఇంట్ల ఎవరికన్న ఉబ్బసం ఉన్నదా?"

"లేదు."

"నీకు కండ్లు మంచిగ కనవడ్తయా? గా చెట్టు మీద పిట్ట యేంది?"

"కాకి."

"హౌదు, హౌదు," అని మామ వైపు తల ఊపాడు.

బండల దుమ్ములో పని, ఊపిరితిత్తులూ కళ్ళూ గట్టిగా ఉండాలి కాబట్టి అడుగుతున్నాడనుకున్నాను. ఎంత జాగ్రత్తగల యజమాని అని మెచ్చుకున్నాను కూడా. ఆ మెప్పు తలచుకుంటే ఈనాటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

మామ ఇంట్లో పడుకుని, తెల్లవారి గనికి పోయేవాణ్ణి. అక్కడ నాకు పిచ్చి పట్టింది. పైన మట్టి, మట్టి కింద సుద్ద, దాని కింద నీలం బండ, పొర మీద పొర, అట్ల దొంతర పేర్చినట్టు. పనివాళ్ళు పొర సందులో ఉలి పెట్టి సుత్తెతో వరసగా తట్టుకుంటూ పోతే, చాపంత బండ చప్పుడు లేకుండా లేచి వచ్చేది. కిష్టప్ప నా చేతికి చిన్న సుత్తె ఇచ్చి, "కొట్టి ఇను," అన్నాడు. మంచి బండ ఖంగుమంటుంది. లోపల కంటికి కనబడని పగులుంటే బొంగురుగా మోగుతుంది. నేను రోజంతా బండలు కొట్టి వింటూ తిరిగాను. ఒక పొర మీద ఇంకో పొర ఎందుకు పడింది, మధ్యలో ఈ ఎర్రగీత ఏమిటి, ఇక్కడ ఒకప్పుడు ఏముండేది, అన్నీ తెలుసుకోవాలనిపించింది. అడిగితే కిష్టప్ప, "దేవుడు పెట్టిండు," అన్నాడు.

పట్నంలో మా లెక్చరరు ఒకసారి చెప్పింది గుర్తొచ్చింది. రాళ్ళ గురించి చదివే చదువొకటి ఉంది, జియాలజీ. పట్నంలోనే చెప్తారు.

ఆ సాయంత్రం మామతో నడుస్తూ చెప్పేశాను. "మామా, తేలింది. నేను రాళ్ల చదువు చదువుత. నాయినకు నేనే చెప్త. మిరుగుకు ముందే చెప్త."

జీవితంలో మొదటిసారి నాకు ఏం కావాలో నాకు తెలిసింది. ఆ సంగతి మొదట చెప్పుకున్నది మామకే. మామ ఆగి, పాన్ ఉమ్మి, నా భుజం మీద చెయ్యి వేశాడు. "బండలు నచ్చినయి అంటవు?"

"మస్తు నచ్చినయి."

"గంతే గావాలె. కిష్టప్పకు చెప్త. సంతోష పడ్తడు."

కిష్టప్ప ఎందుకు సంతోషపడాలో నేనడగలేదు.

ఆదివారం గనికి సెలవు. కిష్టప్ప ఇంటికి భోజనానికి పిలిచాడు. అప్పటిదాకా నా మధ్యాహ్నం సద్ది మామ ఇంటినుంచి గనికే వచ్చేది, కిష్టప్ప ఇల్లు నేను చూడలేదు. ఇంటి నిండా నీలం బండలే, నేల మీద, గోడకు, అరుగుకు. నన్ను లోపలి గదిలో కూర్చోబెట్టారు. వసారాలో మామా కిష్టప్పా కూర్చున్నారు. ఆడవాళ్ళు వంటింటి గుమ్మంలోకి ఒకరి తర్వాత ఒకరు వచ్చి, నన్ను చూసి, వెళ్ళిపోతున్నారు. కొత్తవాడు కదా, చూస్తారనుకున్నాను.

తలుపు సందులోంచి వసారా కనిపిస్తోంది. మామ భుజం మీంచి తువ్వాల తీశాడు. తనకూ కిష్టప్పకూ మధ్య పరిచాడు. ఇద్దరి చేతులూ దాని కిందికి పోయాయి. ఎర్రంచు కదులుతోంది. నేను సంబరంగా చూశాను. ఇన్నేళ్ళూ ఆటగా ఆడినదాన్ని నిజం బేరంలో చూడటం అదే మొదటిసారి. ఏ బండలకో అనుకున్నాను. ఇంతలో అంతకు ముందు రోజే సరుకంతా వ్యాగన్లకు ఎక్కించామని, గనిలో కోసిన బండ ఒక్కటి లేదని గుర్తొచ్చింది. కిష్టప్ప తల తిప్పి నా వైపు చూశాడు. గనిలో బండను కొట్టి వినేముందు ఎట్లా చూస్తాడో అట్లా. తర్వాత తువ్వాల కింద కదలిక ఆగింది. ఇద్దరూ నవ్వారు.

కిష్టప్ప భార్య పళ్ళెం నిండా పోలెలు, అంటే బొబ్బట్లు, తెచ్చి నా ముందు పెట్టింది. వేడి వేడిగా, మీద నెయ్యి. "నోరు తీపి చేసుకో బిడ్డా," అంది. ఆకలిగా ఉంది, బాగున్నాయి, రెండు తిన్నాను. వంటింట్లో ఎవరో చేతులు తట్టారు.

చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళాను. గోలెం దగ్గర ఒక అమ్మాయి ఉంది. పద్దెనిమిదేళ్ళుంటాయేమో. కిష్టప్ప కూతురని ఆ చిన్న కళ్ళు చూస్తే తెలిసిపోయింది. నా వైపు చూడకుండా చెంబుతో నీళ్ళు పోసింది.

"తిన్నవా?"

"తిన్న. మస్తుగున్నయి."

"నేనే చేసిన." నీళ్ళు పోస్తూనే ఉంది. "తిన్నవంటే ఇగ అయిపాయె."

"ఏం అయిపాయె?"

చెంబు ఆగింది. అప్పుడు నా ముఖంలోకి చూసింది. "పిల్లనిచ్చే ఇంట్ల మాట ఖాయం గాకముందు ఎవరన్న తింటరా?"

మా వైపు అందరికీ తెలిసిన రివాజు అది. సంబంధం చూడబోయిన ఇంట్లో మంచినీళ్ళయినా ముట్టరు. ముట్టారంటే ఒప్పుకున్నట్టే. నాకూ తెలుసు. నేను సంబంధం చూడటానికి వచ్చానన్న సంగతే నాకు తెలియదు.

"నేను పని చూడనీకి వచ్చిన," అన్నాను.

"మా నాయినకు కొడుకుల్లేరు. ఇల్లటం పిలగాని కోసం మూడేండ్ల సంది చూస్తుండు. చదువుకున్నోడు గావాలె, గాని వేరే పని యేదీ పట్టుకున్నోడు గావద్దు, పట్టుకుంటె ఇంట్ల నిలవడన్నడు. మీ మామ, అసొంటోడు మా ఇంట్లనే ఉన్నడని చెప్పిండు." ఆమె చెంబు బోర్లించింది. "నన్ను గూడ అడగలే. గాని నాకు తెలుసు. నీకు తెల్వది. గంతే తేడా."

పోలెలు గొంతుదాకా వచ్చాయి. ఈ అమ్మాయి పేరైనా నాకు తెలియదు. తర్వాతెప్పుడో విన్నాను, ఈశ్వరమ్మ అని.

మామను స్టేషను బాటలో పట్టుకున్నాను. బయల్దేరేదాకా నేను ఒక్కమాట మాట్లాడలేదు, కిష్టప్ప మీసం దువ్వి, సిగ్గుపడుతున్నాడని అందరికీ చెప్పాడు.

"మామా, ఏ బండలకు చేసినవ్ బేరం?"

మామ నడుస్తూనే ఉన్నాడు. "ఎవరు చెప్పిండ్రు?"

"ఏ బండలకు?"

"నీ మంచికే చేసినరా. గని నీదైతది. ఇల్లు నీదైతది. రాళ్లు నచ్చినయంటివి, రాళ్లే నీ చేతుల పెట్టిన."

"నేను సదువుకుంట అన్న గద!"

"గని ఉన్నోనికి సదువెందుకు?"

"నీకేం ఇస్తనన్నడు?"

అబద్ధం చెప్తాడనుకున్నాను. చెప్పినా బాగుండేది. మామ ఆగి తువ్వాలతో మెడ తుడుచుకున్నాడు. "గనిల ఒక పాలు ఇస్తనన్నడు. తప్పా? ఇన్నేండ్లు మంది బండలకు బేరం చేసిన, నాదని చెప్పుకోనీకి ఒక్క బండ లేదు. నువ్వు నా పిలగానివే గదా అల్లుడా. నీకు మంచైతది, నాకు మంచైతది."

ఆయన గొంతులో తప్పు చేసినవాడి జంకు లేదు. అదే నన్ను ఎక్కువ కాల్చింది. రైలెక్కి తలుపు దగ్గర నిలబడ్డాను, ఆయన ప్లాట్‌ఫారం మీదనుంచి ఏదో అంటున్నాడు, నేను వినలేదు.

వికారాబాదులో దిగితే ప్లాట్‌ఫారం మీద ఏసుదాసు ఎదురయ్యాడు. పట్నం నుంచి వచ్చే మందుల పెట్టెల కోసం నిలబడ్డాడు. నన్ను చూసి పక్కకు పిలిచాడు.

"బాల్‌రాజ్, ఆనాడు జర ఎక్కువైంది నీకు. నాకు నిద్ర పట్టలే. మీ మామ మరీ మరీ చెప్పిండు, మంచియి చూపెట్టకు, గట్టిది చూపెట్టు, పోరని మనసు ఇరగాలె అని. ఇంటి పెద్ద చెప్తుండు, ఏదో నీ మేలుకే అనుకున్న. గాని ఆ ఫిల్ము కాడ నీ మొకం చూసిన. గట్ల చూసేటోళ్లు తక్కువ."

వకీలు నా చెయ్యి పట్టుకుని చెప్పిన మాటలు గుర్తొచ్చాయి. ఎండాకాలమంతా నేను తిరిగాననుకున్నాను. నన్ను తిప్పారు. ఒక్కొక్క తలుపూ నేను మూసుకున్నాననుకున్నాను. వెనకనుంచి ఒక చెయ్యి నెడుతూ వచ్చింది. ఆ చెయ్యే నా మూతి తుడిచింది.

ఇంకా ఒక ఆశ ఉండింది. అమ్మ. అమ్మకు చెప్తే తమ్ముణ్ణి ఉతికి ఆరేస్తుందనుకుంటూ ఇంటికి నడిచాను. అమ్మ వాకిట్లోనే ఉంది. నన్ను చూసి చాట కింద పెట్టి ఎదురొచ్చింది. ముఖం వెలిగిపోతోంది.

"పిల్ల ఎట్లుందిరా?"

"నీకు తెలుసా?"

"తెల్వకుంటెట్ల? వాడు నన్నడగకుండ చేస్తడా?" నా ముఖం చూసి అమ్మ గొంతు తగ్గింది. "నీకేమొ యేదీ తోచకపాయె. నాయినేమొ నాగలి పట్టుమంటుండె. తోచినోళ్లం తోచినట్టు చేసినం. నీకు చెప్తె ముందే మొరాయిస్తవని వాడే చెప్పొద్దన్నడు."

"నాయినకు?"

అమ్మ చాట తీసుకుంది. "ఆయన ఇల్లటం అంటె ఒప్పుకుంటడా? మిరుగు నాడు తమ్ముడే వచ్చి చెప్తనన్నడు."

ఎండాకాలమంతా నేను ఎవరినుంచి తప్పించుకు తిరిగానో, ఈ ఇంట్లో నాలాగే ఏమీ తెలియనివాడు ఆ నాయనొక్కడే. సాయంత్రం చేను నుంచి రాగానే ఆయనకు అంతా చెప్పాను. నాయన కాళ్ళు కడుక్కోవడం ఆపి విన్నాడు. "మీ అమ్మకు ఎరుకేనా?" అని ఒక్కమాట అడిగాడు. ఎరుకేనన్నాను. మిగిలిన నీళ్ళు మెల్లగా కాళ్ళ మీద పోసుకున్నాడు. మర్నాటి నుంచి పొద్దున నా ఎదుట వచ్చి నిలబడటం మానేశాడు. అమ్మతో మాట్లాడటం కూడా చాలా రోజులు మానేశాడు.

తర్వాతి సంగతులు ఇక్కడే చెప్పేస్తాను, చివర చెప్పడానికి నాకు మనసొప్పదు. కిష్టప్పకు వేరే అల్లుడు దొరికాడు. దసరా లోపలే పెళ్ళయింది. కుదిర్చింది మామే. మామకు గనిలో వాటా వచ్చింది. అది విన్నప్పుడు నాకు మళ్ళీ కొత్తగా నొప్పి పుట్టింది. నా కోసమే చేశానన్నాడు కదా. నేను పోతే ఇంకొకణ్ణి అదే తువ్వాల కింద పెట్టాడు. నేను కాలేజీలో కామర్సు తీసుకున్నాను. ఎందుకని ఎవరైనా అడిగితే, మామ నాకు చూపించని చదువు అదొక్కటే కాబట్టి. రాళ్ళ చదువు వైపు పోలేకపోయాను, బండను చూస్తే పోలెల వాసన వచ్చేది. దవాఖాన వైపూ పోలేదు. ఆ గిన్నె పట్టుకున్నప్పుడు పుట్టిన భయం నాదో, మామ పెట్టించిందో నాకు ఈనాటికీ తేలలేదు. మనిషికి ఏం కావాలో చెప్పేది లోపలి గొంతు ఒక్కటే. దాన్ని నేను మళ్ళీ నమ్మలేకపోయాను. మామ నా దగ్గర్నుంచి తీసుకుపోయింది అదే.

ఆ మిరుగు నాడు పొద్దున్నే మబ్బు పట్టింది. మామ వచ్చాడు, ప్రతి ఏడులాగే చేపలు తీసుకుని. అమ్మ పరుగున వచ్చి అందుకుంది. నాయన అరుగు మీద ఒక కొసన కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు, తల ఎత్తలేదు. మామ ఒకసారి ఆయన వైపు, ఒకసారి నా వైపు చూశాడు. సంగతి అర్థమైంది. దలాలి కదా, ముఖాలు చదవడం ఆయనకు ఒకరు నేర్పాలా?

అయినా వచ్చి నా పక్కనే కూర్చున్నాడు. అమ్మ గుమ్మంలో చేపలతో నిలబడే ఉంది.

"కోపమొచ్చిందా అల్లుడా?" చాలా మెత్తగా అడిగాడు. "సరే. గని వద్దంటె వద్దు. నీకు ఏం గావాలె? బేరం ఆడుదాం పా."

భుజం మీది తువ్వాల తీశాడు. మా ఇద్దరి చేతుల మీద పరిచాడు. దాని కింద ఆయన చెయ్యి నా చేతిని వెతుక్కుంటూ వచ్చింది. ఆ చెయ్యి నాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. నన్ను భుజానికెత్తుకున్న చెయ్యి. నా వేళ్ళను ఒక్కొక్కటే తడిమింది, గుప్పిట పట్టుకుంది. నాకు ఏడుపొచ్చింది. ఒక్క క్షణం అట్లాగే ఉండిపోదామనిపించింది కూడా. ఆయన బొటనవేలు నా బొటనవేలిని వెతికి పట్టుకుని, మెల్లగా నొక్కడం మొదలుపెట్టింది.

నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

తువ్వాల మధ్యలో దిగిపోయింది. గుమ్మంలో అమ్మ "ఒరేయ్" అంది. పెంకుల మీద మొదటి చినుకులు పడ్డాయి. మామ తువ్వాల తీసుకుని లేచి, దులిపి, భుజం మీద వేసుకుని, చెప్పులు తొడుక్కుని వానలోకి దిగాడు. ఎందుకని మాత్రం అడగలేదు. ఆ ఒక్క మర్యాద ఆయన తప్పలేదు.